మద్రాసు కార్పొరేషన్ పుట్టినరోజుకు పిల్లల్ని ఎలా తిప్పాలి

ఆగస్టు 22న మద్రాసు డే అని చెన్నైలో అందరికీ తెలుసు. 1639లో ఆ రోజునే ఇక్కడి పాలకుడు దామెర్ల వెంకటాద్రి నాయకుడు ఈస్టిండియా కంపెనీవాళ్లకు ఈ స్థలం ఇచ్చాడని లెక్క. నేను మాత్రం మా అపార్ట్‌మెంట్ పిల్లల్ని సెప్టెంబరు 29 దగ్గర్లో బయల్దేరదీస్తాను. 1688లో కార్పొరేషన్ మొదలైంది ఆ రోజునే. ఇంత పెద్ద తేదీని మనవాళ్లు పట్టించుకోకపోవడం నాకు నిజంగా బాధగా ఉంటుంది.

శుక్రవారం పెట్టుకోకండి, కోట మ్యూజియానికి సెలవు. పొద్దున్నే సెయింట్ జార్జి కోటకు చేరుకోండి. లోపల సచివాలయం ఉంది కాబట్టి చెకింగ్ తప్పదు, పెద్దవాళ్లు ఆధార్ వెంట ఉంచుకోవాలి. ముందు సెయింట్ మేరీస్ చర్చికి వెళ్లండి. అది 1680 నాటిది. కార్పొరేషన్ వచ్చినప్పుడు గవర్నరుగా ఉన్న ఎలిహు యేల్ పెళ్లి అక్కడే జరిగింది.

కథ ఆ ఆవరణలోనే చెప్పండి. మొదటి మేయరు నథానియేల్ హిగ్గిన్సన్. ఆయన కింద 12 మంది ఆల్డర్‌మెన్ అంటే పెద్ద సభ్యులు, 60 మంది బర్జెస్‌లు అంటే ఊరి ప్రతినిధులు. ఆల్డర్‌మెన్‌లో ఇంగ్లీషువాళ్లతో పాటు చిన వెంకటాద్రి లాంటి మన వర్తకులూ ఉన్నారు. వీళ్లు బయటికొస్తే తలపై గొడుగు పట్టించుకునే మర్యాద కూడా చార్టర్‌లోనే, అంటే కార్పొరేషన్‌ను ఏర్పాటు చేసిన పత్రంలోనే, రాసిచ్చారు. అందుకే ఒక గొడుగు తీసుకెళ్లండి. ఒకరిని మేయర్ని చేసి, ఇంకొకరి చేత గొడుగు పట్టించండి. పిల్లలు ఇది మర్చిపోరు.

తర్వాత పన్ను సంగతి. టౌన్ హాలు, జైలు, బడి కట్టడానికి కంపెనీకి డబ్బు కావాలి. ఊరివాళ్లకు పాలనలో చోటిస్తే పన్నుకు ఒప్పుకుంటారని లండన్‌లో పెద్దల ఆలోచన. ఊళ్లోవాళ్లు ససేమిరా అన్నారు. "మన వీధి కాలువకు తలా పది రూపాయలిస్తారా?" అని పిల్లల్ని అడిగి చూడండి. కాసేపట్లో పెద్ద గొడవే అవుతుంది, ఆపకండి. అదే అసలు పాఠం.

అక్కడి నుంచి హైకోర్టు దాకా నడక. పాత చెన్నకేశవ స్వామి గుడి ఉన్న చోటు అదే. దాన్ని కూల్చాక మళ్లీ కట్టిన జంట గుళ్లు దేవరాజ ముదలి వీధిలో ఉన్నాయి, ఓపికుంటే చూడండి. లేదంటే హైకోర్టు స్టేషన్‌లో మెట్రో ఎక్కి సెంట్రల్‌లో దిగండి, ఒక్కటే స్టాపు. 1913లో తెరిచిన రిప్పన్ బిల్డింగ్, ఇప్పటి కార్పొరేషన్ ఆఫీసు, ఆ పక్కనే తెల్లగా కనిపిస్తుంది. గడియారం టవరు మొత్తం ఫొటోలో పడాలంటే రోడ్డుకు అవతలి నుంచి తీయండి.