ఇంగ్లీష్ మెయిల్ పంపే ముందు చూసుకోవాల్సినవి

• ఎర్రగీత పడలేదని ధీమాగా ఉండకండి. తప్పుగా పడిన మాట కూడా డిక్షనరీలో ఉన్నదే అయితే స్పెల్ చెక్ చాలాసార్లు పట్టుకోదు.

• స్టేషనరీ అని రాశారా? చివర ఏ-ఆర్-వై ఉంటే కదలకుండా ఉన్నదని అర్థం. కాగితాలు, పెన్నులు కావాలంటే ఈ-ఆర్-వై ఉండాలి. ఎన్వలప్ స్పెల్లింగ్ కూడా ఈ తోనే మొదలవుతుంది, అలా గుర్తుపెట్టుకోండి.

• ప్రిన్సిపల్ దగ్గర మరీ జాగ్రత్త. కాలేజీ ప్రిన్సిపల్‌కైనా, అప్పులో అసలుకైనా చివర ఏ-ఎల్. నియమం, సూత్రం అనాలంటే ఎల్-ఈ. లోన్ గురించి బ్యాంకుకు రాసేటప్పుడు ఇది తప్పితే చూడ్డానికి అస్సలు బాగుండదు.

• అడ్వైస్‌లో సీ ఉంటే సలహా, ఎస్ ఉంటే సలహా ఇవ్వడం.

• లూజ్‌లో ఒక ఓ అయితే పోగొట్టుకోవడం, రెండైతే వదులు.

• ఇంకా అనుమానమా? డిక్షనరీలో అర్థంతో పాటు ఉదాహరణ వాక్యం కూడా చదివాకే పంపండి.