చీరాల నుంచి కాకినాడకు తీరం వెంట: దారి, రాత్రి బస

హైదరాబాదు నుంచి కారులో సముద్రం చూడాలనుకునేవారు ఎక్కువగా నేరుగా విశాఖపట్నం వెళ్తారు. అయితే ఒంగోలు నుంచి చీరాల, బాపట్ల, మచిలీపట్నం, అమలాపురం, కాకినాడల మీదుగా కత్తిపూడి వరకు దాదాపు 390 కిలోమీటర్లు సాగే 216వ నంబరు జాతీయ రహదారి మూడు రాత్రుల ప్రయాణానికి చాలా అనువైనది. ఈ దారి పొడవునా సముద్రం కనిపించదు. చాలా చోట్ల వరిచేలు, రొయ్యల చెరువులు, కాలువలే తోడుగా వస్తాయి, తీరం చూడాలంటే పక్కదారి పట్టాలి. అందువల్ల ముందుగా బసలు ఖరారు చేసుకుని, వాటిని బట్టి ప్రయాణాన్ని నిర్ణయించుకోవడం మంచిది.

తెల్లవారకముందే బయలుదేరితే పంతంగి టోల్ ప్లాజా దగ్గర రద్దీ తప్పుతుంది. నార్కట్‌పల్లి దగ్గర విజయవాడ రహదారిని వదిలి మిర్యాలగూడ, పిడుగురాళ్ల, నరసరావుపేట, చిలకలూరిపేటల మీదుగా చీరాల చేరుకోవాలి. మొదటి రాత్రికి బాపట్ల దగ్గరి సూర్యలంకలో పర్యాటక సంస్థ నడిపే హరిత రిసార్టు ఉంది. గది దొరికితే సూర్యోదయం గుమ్మంలోనే చూడవచ్చు. శని, ఆదివారాల్లోనూ, సముద్రస్నానాలకు జనం పోటెత్తే కార్తిక పౌర్ణమికీ ముందుగా బుక్ చేసుకోకుండా వెళ్లకూడదు. గది దొరకకపోతే బాపట్లలోనో చీరాలలోనో లాడ్జి తీసుకుని ఉదయం తీరానికి వెళ్లండి.

మరునాడు రేపల్లె దాటాక పెనుమూడి–పులిగడ్డ వారధి మీద కృష్ణను దాటుతారు. మచిలీపట్నంలో భోజనం చేసి, పెడనలో కలంకారీ అద్దకం చూసి, చీకటి పడేలోగా దిండి చేరుకోవాలి. ఈ మాట గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. కోతల కాలంలో డెల్టా రైతులు రోడ్డు అంచున ధాన్యం ఆరబోసి, వాహనాలు ఎక్కకుండా చుట్టూ రాళ్లు పేరుస్తారు. పగలు పసుపురంగులో స్పష్టంగా కనిపించే ఆ రాశి రాత్రి ఎదురుగా వచ్చే లారీ వెలుతురులో అసలు కనిపించదు. లోపలి దారులకు పక్కనే పిట్టగోడ కూడా లేని కాలువలు ఉంటాయి. రాళ్లకు దూరంగా నెమ్మదిగా పోవాలి. ఆ గింజల మీదుగా బండి పోనివ్వడం ఎవరికీ తగదు.

చించినాడ వంతెన దాటగానే వచ్చే దిండిలో, వశిష్ఠ గోదావరి ఒడ్డున ఉన్న రిసార్టులో రెండో రాత్రి గడపడం ఈ ప్రయాణంలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన భాగం. సంక్రాంతి రోజుల్లో ఈ ప్రాంతమంతా కిక్కిరిసిపోతుంది, గదుల ధరలు పెరుగుతాయి. అంతర్వేది వెళ్లదలచినవారు భీష్మ ఏకాదశి కల్యాణోత్సవ దినాలను కూడా చూసుకోవాలి.

మూడో రోజు ఎదుర్లంక దగ్గర గౌతమిని దాటి, యానాం మీదుగా కాకినాడ చేరి అక్కడే ఉండండి. ఊరు పెద్దది కాబట్టి హోటళ్లకు కొదవ లేదు. కాకినాడ–ఉప్పాడ రోడ్డులో సముద్రం నిజంగా మీ పక్కనే ఉంటుంది. తీరం కోతను ఆపడానికి వేసిన బండరాళ్లకు కొట్టుకున్న అల తుంపరలు కారు అద్దం మీద పడుతుంటాయి. అక్టోబరు నుంచి డిసెంబరు మొదటి వారాల వరకు తుపానుల కాలం కనుక వాతావరణ హెచ్చరికలు చూడకుండా అటు వెళ్లవద్దు. అలలు ఎగసిపడితే రాకపోకలు నిలిపివేస్తారు. జనవరి, ఫిబ్రవరి నెలలు ఉత్తమం.

తిరుగు ప్రయాణం రాజమహేంద్రవరం, విజయవాడల మీదుగా సుమారు 500 కిలోమీటర్లు. ఒక్కరే నడిపేవారైతే విజయవాడలో మరో రాత్రి ఆగండి.