చంక దగ్గర పట్టేయని కవచం

మా నాన్న సికింద్రాబాద్‌లో టైలర్. నేను ఫోమ్‌తో అంతరిక్ష సైనికుడి కవచం చేస్తున్నానంటే ముందు నవ్వాడు. తర్వాత మెడలోంచి టేపు తీసి నా ఛాతీ చుట్టూ వేసి, "ఊపిరి బిగబట్టి నిలబడకురా, వదిలెయ్" అన్నాడు.

అప్పటికే ఒక కవచం చేసి, అది పనికిరాక మంచం కింద దాచేశాను. ఫొటోలో బాగానే ఉండేది. చేయి పైకెత్తితే మాత్రం ఛాతీ పలక గడ్డానికి కొట్టుకునేది. కూర్చుంటే పొట్ట పలక అంచు పక్కటెముకల్లో గుచ్చుకునేది. హైటెక్స్‌లో కామిక్ కాన్‌కి, అంటే అభిమానులు కామిక్స్, సినిమా పాత్రల వేషాల్లో వచ్చే మేళాకి, దాన్ని వేసుకెళ్లి నాలుగు గంటలు నిలబడే ఉన్నాను, నీళ్లు కూడా ఎవరో పట్టిస్తే తాగాను. రెండోది నాన్న టేపుతో చేశాను. ఆ పద్ధతే ఇది.

ముందు సరుకు. మనకు కావాల్సింది ఈవీఏ ఫోమ్. పిల్లల గదుల్లో ఒకదానిలో ఒకటి ఇరికించి పరిచే రంగురంగుల మ్యాట్లు ఉంటాయి కదా, అదే. ఆ మ్యాట్లతో మొదలుపెట్టినా తప్పులేదు, గీతల డిజైన్ ఉన్న వైపు లోపలికి పెట్టండి. షీట్లు దొరికితే ఛాతీ, వీపు, భుజాలకు 10 మి.మీ., ముంజేతులకు, పిక్కలకు 5 లేదా 6 మి.మీ., పైన అతికించే చిన్న చిన్న అలంకారాలకు 2 మి.మీ. తీసుకోండి. కొనేముందు గోరుతో నొక్కి చూడండి. గుంట వెంటనే పైకి రావాలి. అలాగే ఉండిపోతే అది మెత్తటి సరుకు, కోస్తే అంచు పీచులా లేస్తుంది.

ఇక కొలతలు. ఇంటర్నెట్‌లో దొరికే రెడీమేడ్ ప్యాటర్న్‌లు ఎవరి ఒంటికో గీసినవి. మీ ఒంటి మీదే తీసుకోండి. కవచం కింద ఏ బట్టలు, ఏ బూట్లు వేసుకుంటారో అవే వేసుకుని, పైన వంటింట్లో వాడే ప్లాస్టిక్ ఫిల్మ్ చుట్టించుకోండి, దానిమీద మాస్కింగ్ టేపు రెండు పొరలు. ఇది ఒక్కరివల్ల అయ్యే పని కాదు, ఇంట్లో ఎవరినైనా బతిమాలుకోవాలి. టేపు మీద మార్కర్‌తో ఛాతీ మధ్య గీత, చంక, నడుము, పక్కలు గీయించి, కత్తెరతో జాగ్రత్తగా విప్పించుకోండి. కుడి సగం మాత్రమే ఉంచుకుని, దాన్నే తిరగేసి ఎడమ సగం గీయండి. రెండు వైపులా వేరువేరుగా తీస్తే కవచం వంకర వస్తుంది.

విప్పిన టేపు తొడుగు బల్లమీద చదునుగా పడదు, ఛాతీ దగ్గరా భుజం దగ్గరా ఉబ్బుతుంది. ఉబ్బిన చోట కత్తిరించి చదును చేయండి. జాకెట్టుకి టక్కులు వేయడం చూసినవాళ్లకు ఇది కొత్త కాదు. ఆ చీలికలే తర్వాత ఫోమ్‌లో అతుకులవుతాయి, అతికించాక గుండ్రదనం దానంతటదే వస్తుంది.

నా మొదటి కవచం చెడింది ఇదిగో, ఈ లెక్క దగ్గరే. కాగితానికి మందం లేదు, ఫోమ్‌కి ఉంది. నా ఛాతీ 92 సెం.మీ. అంతే పొడవు ఫోమ్ కోసి చుడితే సరిపోదు. 10 మి.మీ. షీటు వంగినప్పుడు లోపలి ముఖం నలుగుతుంది, బయటి ముఖం సాగుతుంది, అసలు కొలత మధ్యలో ఉంటుంది. ఆ మధ్య గీత ఒంటికి అర సెంటీమీటరు దూరంలో ఉంది కాబట్టి చుట్టుకొలత సుమారు 3 సెం.మీ. పెరుగుతుంది. దానిమీద ఇంకో 10 మి.మీ. పొర వేస్తే ఆ పొరకు మరో 6.3 సెం.మీ. కలపాలి. ఇదంతా ఫోమ్ మందానికి. ఊపిరికి నాన్న విడిగా 4 సెం.మీ. లూజు ఇచ్చాడు. "నిండుగా అన్నం తిన్నాక కొలవాలి" అనేవాడు, నిజంగానే భోజనం అయ్యాక ఇంకోసారి కొలిచాడు.

ఫోమ్ కోసేముందు పాత అట్టపెట్టెలతో ఒక ట్రయల్ వేయండి. టేపుతో అతికించి వేసుకుని కుర్చీలో కూర్చోండి, మెట్లెక్కండి, బూటు లేసు కట్టుకోండి, అటక మీది డబ్బా అందుకోండి, బాత్రూమ్‌కి కూడా వెళ్లి రండి. సిగ్గుపడితే తర్వాత ఏడవాలి. ఎక్కడ గుచ్చుకుంటే అక్కడ పెన్నుతో గీసి కోసేయండి.

నా అనుభవంలో కోత పడే చోట్లు ఇవే. చంక దగ్గర అనుకున్నదానికన్నా రెండు వేళ్లు కిందికి, ఒక వేలు ముందుకి. చేతులు కట్టుకుంటే ఛాతీ పలక అంచులు చేతులకు తగలకూడదు. ఛాతీ పలకకు, పొట్ట పలకకు ఒకే ముక్క వద్దు. రెండుగా చేసి, వంగినప్పుడు పొట్ట పలక ఛాతీ పలక కిందికి జారేలా నాలుగు వేళ్లు ఒకదానిమీద ఒకటి ఉంచండి. తొడ పలకకు లోపలివైపు పైఅంచు ఏటవాలుగా తీసేయాలి, లేకపోతే నడిచేటప్పుడు రెండూ రాసుకుని గంటలో తొడలు మండుతాయి. పిక్క పలక మోకాలి చిప్పకు మూడు వేళ్లు కిందే ఆగాలి, పాదం పైకి లేచేలా ముందువైపు చీలమండ దగ్గర అర్ధచంద్రంలా తీయాలి. అది తీయకపోతే మెట్లు దిగడం గండమే. ఖాళీలు కనిపిస్తాయేమోనని భయపడకండి. లోపల నల్ల బట్ట వేసుకుంటే అవే కీళ్లలా కనిపిస్తాయి.

కోయడానికి స్నాప్ బ్లేడు కట్టర్ చాలు, కానీ మొన విరుస్తూ ఉండాలి. నేను ప్రతి రెండు మూడు కోతలకి ఒకసారి విరుస్తాను. మొండి బ్లేడు కోయదు, చింపుతుంది. రంపంలా ముందుకీ వెనక్కీ ఆడించకుండా ఒకే లాగుడులో పోనివ్వండి. మూల తిప్పాలంటే రెండు అంచులూ 45 డిగ్రీల ఏటవాలుగా కోసి కలిపితే సరిగ్గా 90 వస్తుంది. అంచులు ఇసుక కాగితంతో రుద్దేటప్పుడు మాస్కు పెట్టుకోండి, ఆ పొడి చాలా సన్నగా ఉంటుంది.

వంపులకు హీట్ గన్, అంటే వేడిగాలి ఊదే మిషను, కావాలి. ఫోమ్‌ని కదిలిస్తూ వేడి చేస్తే పైభాగం కాస్త నిగనిగలాడుతుంది, అప్పుడు వంచి, చల్లారేదాకా అలాగే పట్టుకోండి. ఒకేచోట ఆపితే బుడగలొచ్చి కాలుతుంది. భుజాల గుండ్రదనానికి నేను మా అమ్మ స్టీలు బిందె వాడాను. వేడి ముక్కని బిందె మీద పరిచి గుడ్డతో అదిమితే చక్కటి గిన్నె ఆకారం వచ్చింది. బిందె అడిగి తీసుకోండి, నేను అడగలేదు. రంగు వేసేముందు కూడా మొత్తం మీద ఒకసారి వేడిగాలి పోనిస్తే పైనున్న సన్న రంధ్రాలు మూసుకుంటాయి, రంగు తక్కువ తాగుతుంది.

అతికించడానికి ఫెవికాల్ ఎస్ఆర్ 998 లాంటి రబ్బరు జిగురు. రెండు అంచులకీ పల్చగా పూసి, వేలు పెడితే అంటుకోనంత వరకు, సుమారు పది నిమిషాలు, ఆరనివ్వండి. అప్పుడు ముందు రెండు చివర్లు కలిపి తర్వాత మధ్యకు రండి. ఒకసారి తగిలితే మళ్లీ సర్దే అవకాశం లేదు. పని మేడ మీద చేయండి. ఆ వాసన తలనొప్పి తెస్తుంది, పైగా అది నిప్పు అంటుకునే సరుకు, స్టౌ దగ్గరా హీట్ గన్ దగ్గరా డబ్బా తెరవద్దు. అతుకుల సందులకు యాక్రిలిక్ సీలెంట్ పూసి తడి వేలితో నునుపు చేయండి. షాపులో తొందరలో సిలికాన్ ఇచ్చేస్తారు, చూసి తీసుకోండి, సిలికాన్ మీద రంగు నిలవదు.

రంగు గురించి ఎక్కువ చెప్పను, అది ఎవరి ఇష్టం వారిది. తెల్ల ఫెవికాల్‌లో నీళ్లు కలిపి నాలుగు పూతలు, నల్ల రంగు, దానిమీద వెండి రంగు. చివరికి నల్ల యాక్రిలిక్ పూసి తడిగుడ్డతో తుడిస్తే సందుల్లో మురికి మిగిలి పాత లోహంలా ఉంటుంది. అంచులకు పెన్సిల్ ముల్లు పొడి రుద్దండి, నిజంగా ఇనుము అరిగినట్టే మెరుస్తుంది.

పట్టీలకు మాత్రం రంగుకన్నా ఎక్కువ రోజులు ఇవ్వండి. బ్యాగులు కుట్టే షాపులో 25 మి.మీ. నైలాన్ పట్టీ, ప్లాస్టిక్ క్లిప్పులు, వెడల్పు ఎలాస్టిక్ దొరుకుతాయి. పట్టీ చివర నేరుగా ఫోమ్‌కి అతికిస్తే రెండోసారి లాగగానే ఊడుతుంది. చివర 8 సెం.మీ. అతికించి, దానిమీద అంతకన్నా పెద్ద 2 మి.మీ. ఫోమ్ ముక్క మూతలా అతికించండి. బరువంతా భుజాల మీద పడకుండా వీపు పలక లోపల నాన్న ఎలాస్టిక్‌ని గుణకారం గుర్తులా అడ్డంగా కుట్టాడు. వెల్క్రోని కూడా అతికించనివ్వలేదు, పట్టీకి మిషను మీద నాలుగు వైపులా కుట్టాడు. భుజం పలక చేతికి వేలాడకూడదు. మెడ దగ్గర ఛాతీ పలకకు ఒక పట్టీతో తగిలించి, చేతి చుట్టూ ఎలాస్టిక్ వదులుగా ఉంచితే చేయి ఎత్తినప్పుడు పలక దానితోపాటు లేస్తుంది. పక్క క్లిప్పులు మీ చేతికి మీకే అందాలి. నావి మొదట వీపువైపు పెట్టుకుని, బాత్రూమ్ బయట తెలియనివాళ్లను సాయమడగాల్సి వచ్చింది.

హెల్మెట్‌లో ఊపిరికి అద్దం మసకబారుతుంది. 5 వోల్టుల చిన్న కంప్యూటర్ ఫ్యాను, పవర్ బ్యాంకు పెడితే తగ్గుతుంది. కొన్ని పవర్ బ్యాంకులు ఫ్యాను లాగే కరెంటు చాలక వాటంతటవే ఆగిపోతాయి, ఇంట్లోనే గంటసేపు నడిపి చూసుకోండి.

ఎండ విషయం ఒకటి. మే నెలలో కారు డిక్కీలో భుజం పలక మీద హెల్మెట్ పెట్టి మూడు గంటలు వదిలేశాను. తీసేసరికి పలక అప్పడంలా అణిగింది, గ్లూ గన్‌తో అతికించిన అలంకారాలు జారిపోయాయి. పలకని మళ్లీ వేడి చేసి బిందె మీద అదిమితే దారికొచ్చింది. అలంకారాలు ఈసారి రబ్బరు జిగురుతో అతికించాను.

వేసుకెళ్లే రోజు సంచిలో ఫెవిక్విక్, నల్ల టేపు, ఒక క్లిప్పు, స్ట్రా ఉన్న నీళ్ల సీసా పెట్టుకుంటాను. నాన్న పిన్నీసులు, నల్ల దారం ఎక్కించిన సూది కూడా వేశాడు. క్రితంసారి పిన్నీసులన్నీ రోబో వేషంలో వచ్చిన ఒకమ్మాయికి పోయాయి, సూదితో నా మోకాలి ఎలాస్టిక్ కుర్చీలో కూర్చునే కుట్టుకున్నాను.