హార్డ్ డిస్క్ కాపీ నత్తనడక నడుస్తుంటే ముందు కేబుల్ చూడండి

ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్‌లోకి పెళ్లి వీడియో లాంటి పెద్ద ఫైలు కాపీ చేస్తుంటే స్పీడు సెకనుకి 30–40 ఎంబీ దగ్గరే ఆగిందా? డిస్క్ పోయిందని కంగారుపడకండి, అది యూఎస్‌బీ 2.0 (పాత, నెమ్మది రకం కనెక్షన్) స్పీడు. దాని తర్వాత వచ్చిన 3.0లో మామూలుగా 100 ఎంబీ దాటాలి. 3.0కి వాడే నీలం పోర్టు లోపలి 5 పిన్నులు సరిగ్గా తగలకపోతే కనెక్షన్ 2.0కి పడిపోతుంది. అమలాపురం, నరసాపురం వైపు ఉప్పుగాలికీ చెమ్మకీ ఆ పిన్నులకు చిలుము పట్టడం మామూలే.

డిస్క్‌ని ఎజెక్ట్ చేసి కేబుల్ పీకండి. మళ్లీ పెట్టేటప్పుడు ఒక్క ఊపున చివరిదాకా నొక్కండి; మెల్లగా దూరిస్తే 2.0 పిన్నులే ముందు తగిలి అక్కడే ఆగిపోవచ్చు. మారకపోతే ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో ప్లగ్గు తుడిచి, పూర్తిగా ఆరనివ్వండి. శానిటైజర్ మాత్రం వద్దు, అందులో నీళ్లుంటాయి. హబ్ (ఒక పోర్టుని నాలుగైదు పోర్టులుగా చేసే డబ్బా) వాడుతుంటే తీసేసి, పొట్టి కేబుల్‌తో నేరుగా కంప్యూటర్‌కే పెట్టి చూడండి. డిస్క్‌లోంచి టకటక శబ్దం వస్తుంటే ఇవేవీ చేయకుండా వెంటనే డిస్క్ ఆపేయండి.