వానలకు ముందే రిటైనింగ్ గోడ లెక్క సరిచూసుకోండి

కొండవాలులో ఇళ్లు కట్టుకున్నవారు, సెల్లారు కోసం లోతుగా తవ్వుతున్నవారు జూన్ వచ్చేలోపు తమ రిటైనింగ్ గోడ (మట్టి జారిపడకుండా ఆపే గోడ) ఎంత తోపును, అంటే మట్టి పక్కకు నెట్టే బలాన్ని, తట్టుకోగలదో ఇంజనీరు చేత మరోసారి లెక్క కట్టించుకోవాలి. పొడి మట్టికి వేసిన లెక్క తడి మట్టికి చెల్లదు.

3 మీటర్ల ఎత్తున్న గోడనే తీసుకుందాం. దాని వెనక పొడి గ్రావెల్ నింపి, పైభాగాన్ని చదును చేశారనుకుందాం. ఘనపు మీటరు మట్టి బరువు 1.8 టన్నులు, ఘర్షణ కోణం (మట్టి రేణువులు ఒకదానిపై ఒకటి జారకుండా నిలిచే పట్టును తెలిపే కోణం) 30 డిగ్రీలు అయితే, ఇంజనీరు ర్యాంకిన్ 1857లో ప్రతిపాదించిన సిద్ధాంతం ప్రకారం పార్శ్వ పీడన గుణకం, అంటే కిందికి నొక్కే మట్టి బరువులో పక్కకు నెట్టే వంతు, 1/3 అవుతుంది. పీడనం పైన సున్నాతో మొదలై అడుగుకు వచ్చేసరికి చదరపు మీటరుకు 1.8 టన్నులకు చేరుతుంది కనుక, గోడ పొడవులో ప్రతి మీటరు మీదా 2.7 టన్నుల తోపు పడుతుంది. అదే గోడ వెనక నీరు పైదాకా నిలిస్తే, మునిగిన మట్టి బరువు ఘనపు మీటరుకు సుమారు 1 టన్నుకు తగ్గి దాని తోపు 1.5 టన్నులే అవుతుంది గానీ, నీటికి ఆ 1/3 తగ్గింపు వర్తించదు కాబట్టి నీరు ఒక్కటే 4.5 టన్నులతో నెడుతుంది. మొత్తం 6 టన్నులు, అంటే మొదటి దానికి రెట్టింపు కంటే ఎక్కువ. పునాది కిందికి చేరిన నీరు గోడను పైకి ఎత్తుతూ జారుడును అడ్డుకునే ఘర్షణనూ తగ్గిస్తుంది.

2025 ఏప్రిల్ 30న, చందనోత్సవం నాడు, సింహాచలంలో భారీ వర్షానికి కొత్తగా కట్టిన గోడ కూలి ఏడుగురు భక్తులు ప్రాణాలు కోల్పోయారు. రుతుపవనాలకు ఇంకా సమయం ఉందన్న ధీమాతో నీరు పోయే ఏర్పాటును చివరి పనిగా వాయిదా వేయడం ఎంతమాత్రం తగదు.

గోడ వెనక కంకర పొర వేసి, నీరు బయటికి పోయే గొట్టాలను ఆ పొరకు కలపాలి. పాత గోడల్లో ఆ రంధ్రాలు మట్టితో పూడిపోతాయి కనుక, ఇప్పుడే కడ్డీతో శుభ్రం చేసి నీరు పోసి చూడాలి. నల్లరేగడిని వెనక నింపవద్దు. అది తడిసినప్పుడు ఉబ్బి పుట్టించే పీడనం పై సూత్రానికి అందదు. గోడ పైఅంచు దగ్గర కార్లు నిలిపినా, ఇసుక పోసినా ఆ బరువును విడిగా కలుపుకోవాలి: చదరపు మీటరుకు 1 టన్ను బరువు పడితే ఈ గోడ మీద తోపు మీటరుకు మరో టన్ను పెరుగుతుంది. ఎత్తు పెంచడం ఇంకా ప్రమాదకరం. 3 మీటర్ల గోడను 4 మీటర్లకు పెంచి అంతవరకూ మట్టి నింపితే, పొడి మట్టితోనే గోడను బోర్లా తిప్పే ప్రభావం (భ్రామకం) దాదాపు 2.4 రెట్లు అవుతుంది. గోడ ముందు పాదం దగ్గర పైపుల కోసం కాలువ తవ్వే పని ఉంటే వానాకాలం ముగిశాకే, అదీ ఇంజనీరును అడిగాకే చేపట్టాలి.

వాన కురుస్తున్నప్పుడు రంధ్రాల నుంచి బురదనీరు వస్తే వెనక మట్టి కోసుకుపోతున్నదని, జోరు వానలోనూ చుక్క రాకపోతే అవి మూసుకుపోయి ఉండవచ్చని అనుమానించాలి. గోడ ముందుకు ఒరిగినా, మధ్యలో ఉబ్బినా, పైనున్న నేల గోడకు సమాంతరంగా పగిలినా, కింద నివసించేవారిని వెంటనే ఖాళీ చేయించి ఆ తర్వాతే ఇంజనీరును పిలవండి.