డైనోకి తీసుకుపోయే ముందు బండిని మన ఊళ్ళోనే చెక్ చేసుకోవడం ఎట్ట

రీమ్యాప్ అంటే ఇంజిన్ నడిపే కంప్యూటర్ (ఈసీయూ) సెట్టింగులు మార్చి పవర్ పెంచడం, అది చేయించాలని ఫిక్స్ అయినోళ్ళందరూ మొదట అడిగేది ఎన్ని హార్స్‌పవర్ పెరుగుతాది అనే, నేను తిరిగి అడిగేది మాత్రం ప్లగ్గులు ఎప్పుడు మార్చినావు, క్లచ్ ఎట్ట ఉంది, బూస్ట్ (టర్బో ఇంజిన్‌లోకి నెట్టే గాలి ప్రెషర్) లీక్ టెస్ట్ చేసినావా అని. తిరుపతి నుంచి డైనో కోసం, అంటే బండిని రోలర్ల మీద నడిపి పవర్ కొలిచే మిషన్ కోసం, ఎక్కువమంది బెంగళూరికే పోతారు, దగ్గర దగ్గర 250 కిలోమీటర్లు, స్లాట్ ముందే బుక్ చేసుకోవాలి, డబ్బులూ తక్కువేం కాదు. అంత దూరం పోయినాక రోలర్ల మీద మొదటి రన్‌లోనే పైపు ఊడిపోతే ఆ రోజు అయిపోయినట్టే. దానికన్నా చెడ్డ కేసు ఇంకోటి ఉంది, లీక్ చిన్నదైతే ఎవరికీ తెలీదు, ట్యూనర్ ఆ లీక్‌తోనే కొత్త సెట్టింగులు (మ్యాప్) రాసేస్తాడు, తర్వాత ఎప్పుడో మీరు ఆ పైపు మార్చిస్తే మ్యాప్‌కీ బండికీ పొంతన ఉండదు.

అందుకే కనీసం ఒక వారం ముందు మొదలుపెట్టండి. ఏదైనా పార్ట్ కావాల్సొస్తే చెన్నై నుంచి తెప్పించుకోడానికి టైం ఉండాలి.

ముందు ఓబీడీ స్కాన్, అంటే బండి సాకెట్‌కి స్కానర్ పెట్టి ఈసీయూలో ఉన్న తప్పుల కోడ్‌లు చదవడం. చెక్ ఇంజిన్ లైట్ వెలగలేదు కాబట్టి ఏం లేదులే అనుకోవద్దు, పెండింగ్ కోడ్‌లు లైట్ వెలిగించకుండా లోపల కూర్చుంటాయి. కోడ్ కనిపిస్తే వెంటనే క్లియర్ కొట్టెయ్యకండి, ఫ్రీజ్ ఫ్రేమ్‌లో ఏ ఆర్‌పీఎంలో, ఎంత టెంపరేచర్‌లో వచ్చిందో ఉంటాది, దాన్ని ఫోటో తీసి పెట్టుకోండి. అదే స్కానర్‌లో ఫ్యూయల్ ట్రిమ్స్ (ఈసీయూ పెట్రోల్‌ని ఎంత శాతం పెంచుతోందో, తగ్గిస్తోందో) కూడా చూడండి. లాంగ్ టర్మ్ ట్రిమ్ ప్లస్ మైనస్ 5 శాతం లోపల ఉంటే హ్యాపీ, 10 దాటితే కారణం వెతకాల్సిందే. ఐడిల్‌లో ప్లస్ జాస్తిగా ఉండి ఆర్‌పీఎం పెంచితే తగ్గిపోతా ఉంటే ఎక్కడో వాక్యూమ్ లీక్ ఉన్నట్టు, ఐడిల్‌లో బాగానే ఉండి లోడ్ పడేకొద్దీ ప్లస్ పెరుగుతా ఉంటే ఫ్యూయల్ పంపో, ఫిల్టరో వీక్ అయి ఉంటాది, లేదా ఎయిర్‌ఫ్లో సెన్సర్ తప్పు చెప్తా ఉంటాది. ఆయిల్ పూసే కాటన్ ఎయిర్ ఫిల్టర్ వేసినోళ్ళు ఆ సెన్సర్‌ని ఒకసారి ప్రత్యేకంగా చూసుకోండి, ఫిల్టర్‌కి ఆయిల్ ఎక్కువ కొడితే అది పోయి సెన్సర్ మీదే కూర్చుంటాది.

తర్వాత ప్లగ్గులు, ఇక్కడ మాత్రం తొందరపడొద్దు. ఇంజిన్ చల్లారినాక విప్పండి, ఏ ప్లగ్గు ఏ సిలిండర్‌దో కలిసిపోకుండా వరసగా ఒక గుడ్డ మీద పెట్టండి, ఫోన్ టార్చ్ వేసి పింగాణీ భాగాన్ని దగ్గరగా చూడండి. లేత గోధుమ రంగు ఉంటే బాగున్నట్టు. నల్లగా పొడి మసి ఉంటే పెట్రోల్ ఎక్కువ కాలుతోంది, జిడ్డుగా నల్లగా ఉంటే ఆయిల్ లోపలికి వస్తోంది, తెల్లగా పొక్కులు పొక్కులుగా ఉంటే లీన్ (గాలికి తగ్గ పెట్రోల్ లేకపోవడం) అవుతోందో, వేడి ఎక్కువైందో. తెల్ల పింగాణీ మీద మిరియం గుండలాగా సన్న చుక్కలు కనిపించి, అవి టార్చ్ కింద వెండి మాదిరి తళుక్కుమంటే అక్కడే ఆగండి, అది పిస్టన్ అల్యూమినియం, అంటే నాకింగ్ (సిలిండర్‌లో పెట్రోల్ అదుపు తప్పి పేలడం) ఇప్పటికే పిస్టన్‌ని తింటా ఉంది. ఆ బండికి ట్యూనింగ్ సంగతి తర్వాత, ముందు ఇంజిన్ సంగతి తేల్చాల. నాలుగిట్లో ఒక్క ప్లగ్గు మాత్రమే తేడాగా ఉంటే ఆ సిలిండర్ ఇంజెక్టర్, కాయిల్ మీద అనుమానం పెట్టుకోండి. కొత్త ప్లగ్గులు వేసేటప్పుడు గ్యాప్ ఎంత ఉండాలో ట్యూనర్‌కి ఫోన్ చేసి అడగండి, బూస్ట్ పెంచే టర్బో బండ్లకి చాలామంది 0.6 నుంచి 0.7 ఎంఎం దాకా తగ్గిస్తారు, గ్యాప్ ఎక్కువుంటే బూస్ట్‌లో స్పార్క్ ఆరిపోయి మిస్ కొడతాది.

ప్లగ్గుల పని ఎట్టాగూ పెట్టుకున్నారు కాబట్టి కంప్రెషన్ టెస్ట్ కూడా చేయించెయ్యండి, దానికి మాత్రం ప్లగ్గులు తిరిగి వేసి ఇంజిన్ వేడి చేసి మళ్ళీ విప్పాల. ఇంజిన్ వేడిగా ఉండాలి, ఫ్యూయలూ కాయిల్సూ డిస్‌కనెక్ట్ చేసి, థ్రాటిల్ ఫుల్‌గా తెరిచి, అన్ని సిలిండర్లకీ సమానంగా క్రాంక్ కొట్టాలి. పెట్రోల్ ఇంజిన్లలో మామూలుగా 150 నుంచి 200 పీఎస్‌ఐ మధ్య వస్తాది గానీ నంబర్ కన్నా ముఖ్యం సిలిండర్ల మధ్య తేడా, అన్నిట్లోకీ ఎక్కువదానికీ తక్కువదానికీ 10 - 15 శాతం దాటితే లీక్‌డౌన్ టెస్ట్ (సిలిండర్‌లోకి గాలి పట్టి ఎంత బయటికి పోతోందో చూడడం) చేయించాల. లీక్‌డౌన్‌లో గాలి ఎక్కడినుంచి పోతోందో చెవి పెట్టి వింటే తెలిసిపోతాది: సైలెన్సర్‌లో బుస్సుమంటే ఎగ్జాస్ట్ వాల్వు, ఆయిల్ మూతలోంచి వస్తే రింగులు, రేడియేటర్‌లో బుడగలొస్తే హెడ్ గ్యాస్కెట్. పాత పోలో జీటీ 1.2 టీఎస్ఐ (ఫోక్స్‌వ్యాగన్ టర్బో పెట్రోల్) ఉన్నోళ్ళు ఇంకోటి చూసుకోండి, మీ దాంట్లో టైమింగ్ చైన్ ఉంటే, పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేస్తే రెండు మూడు సెకన్లు గలగలమంటే చైన్ సాగినట్టు అనుమానించి ముందు అది చూపించండి. 1.0 టీఎస్ఐలో బెల్ట్, ఆ గొడవ లేదు.

టర్బో బండికి బూస్ట్ లీక్ టెస్ట్ చెయ్యకుండా డైనోకి పోవడం నాకసలు నచ్చదు. చంద్రగిరి సైడు మావోడి పోలో ఒకటి, బంపర్ టింకరింగ్ చేయించినాక పికప్ కొంచెం మందంగా ఉందని పెట్రోల్ మీద అనుమానపడతా ఉన్నాడు. తీరా చూస్తే ఇంటర్‌కూలర్ (టర్బో నుంచి వచ్చే గాలిని చల్లబరిచేది) పైపు క్లాంపు హోస్ అంచు మీద వంకరగా బిగించి ఉంది, ఐడిల్‌లో చుక్క గాలి పోదు, బూస్ట్ ఎక్కినాకే ఆ అంచు లేచి గాలి బయటికి పోతోంది. పైనుంచి చూస్తే క్లాంపు టైట్‌గానే కనిపిస్తాది, కింద వేలు పెట్టి తడిమితేనే ఆ వంకర తగులుతాది.

టెస్ట్ ఎట్ట అంటే, ఇంజిన్ ఆఫ్ చేసి టర్బోకి గాలి పోయే ఇన్‌లెట్ కాడ పీవీసీ ఎండ్‌క్యాప్‌కి ట్యూబ్‌లెస్ వాల్వు బిగించి మూసెయ్యాల, అక్కడినుంచి గాలి పట్టి 10 - 12 పీఎస్‌ఐ దాకా నిదానంగా పెంచాల, సర్ఫ్ నీళ్ళు స్ప్రే బాటిల్‌లో పోసి ప్రతి జాయింట్ మీదా కొట్టాల, బుడగ వచ్చిన చోటే లీకు. పంక్చర్ షాపు కంప్రెసర్‌ని రెగ్యులేటర్ లేకుండా డైరెక్ట్‌గా పెట్టొద్దు, ఆ ప్రెషర్‌కి సీళ్ళు పోతాయి, క్యాప్ ఎగిరి మొహానికి తగిలినా తగులుతాది. స్మోక్ మిషన్ ఉన్న వర్క్‌షాప్ దొరికితే ఇంకా మేలు. పైపులు విప్పినప్పుడు లోపల పల్చగా ఆయిల్ తడి ఉంటే కంగారు పడొద్దు, ఆయిల్ మడుగు కట్టి ఉంటే మాత్రం పీసీవీ వాల్వు (ఇంజిన్ లోపలి ఆవిరిని తిరిగి ఇంటేక్‌కి పంపేది), టర్బో సీళ్ళు చూపించండి.

ఆయిల్ కొత్తది, కంపెనీ చెప్పిన గ్రేడే, లెవెల్ డిప్‌స్టిక్ రెండు గీతల మధ్యన. ఎక్కువ పోసినా ఇబ్బందే. ఆయిల్ మూత కింద పాల మీగడ లాంటి తెలుపు ఉంటే కూలెంట్ కలుస్తోందేమో చూపించాల. కూలింగ్ సిస్టమ్‌కి మాత్రం మన ఊరంత మంచి టెస్ట్ ఇంకో చోట దొరకదు. మధ్యాహ్నం ఎండలో, ఏసీ వేసి, నలుగురు కూర్చుని అలిపిరి నుంచి కొండెక్కండి, ఘాట్ రూల్స్ ప్రకారం నిదానంగానే. గాలి తక్కువ, లోడ్ ఎక్కువ, ఫ్యాన్ బాగుందా లేదా అక్కడే తేలిపోతాది, ఎందుకంటే డైనోలో కూడా పరిస్థితి అదే, ముందర ఎంత పెద్ద ఫ్యాన్ పెట్టినా రోడ్డు మీద తగిలే గాలి అంతా తగలదు. స్కానర్‌లో కూలెంట్ టెంపరేచర్ చూస్తా ఉండండి, ఫ్యాన్ తిరిగినా సరే ఎక్కుతానే పోతా ఉంటే రేడియేటర్ లోపలో బయటో మూసుకుపోయి ఉండొచ్చు. ఘాట్ రోడ్డు మీద పికప్ టెస్టులు, ఓవర్‌టేకులు చెయ్యొద్దు, అది భక్తులు పోయే దారి, అక్కడ ఆ పని తప్పు.

క్లచ్‌కి టెస్ట్ సింపుల్. ఖాళీ రోడ్డు మీద 4వ గేరో 5వ గేరో వేసి, 2000 ఆర్‌పీఎం దగ్గర ఒక్కసారిగా ఫుల్ యాక్సిలరేటర్ ఇవ్వండి, ఆర్‌పీఎం ఎగిరి స్పీడ్ పెరక్కపోతే క్లచ్ జారుతోంది. స్టాక్ (కంపెనీ ఇచ్చిన) టార్క్‌కే జారేది ట్యూన్ చేసినాక రోలర్ల మీద నిలబడదు. ఫోక్స్‌వ్యాగన్, స్కోడాల 7 స్పీడ్ డ్రై క్లచ్ ఆటోమేటిక్ గేర్‌బాక్స్ డీఎస్‌జీ, అదే డీక్యూ200, దాని టార్క్ లిమిట్ 250 ఎన్ఎం. ఆ గేర్‌బాక్స్‌తో వచ్చిన పాత పోలో జీటీ 1.2 టీఎస్ఐ స్టాక్‌లో ఇచ్చేది 175, కొంచెం చోటుంది. 1.5 టీఎస్ఐ వర్టస్, స్లావియా, కుషాక్ స్టాక్‌లోనే 250 ఇస్తాయి, అంటే ఆ గేర్‌బాక్స్ ఇప్పటికే అంచు మీద ఉంది, ఇది తెలుసుకుని ఎంత టార్క్ అడగాలో మీరే తేల్చుకోండి. ఇంజిన్ మౌంట్లు కూడా ఒకసారి, బానెట్ తెరిచి బ్రేక్ తొక్కి కొంచెం రేజ్ ఇప్పిస్తే ఇంజిన్ ఎంత ఊగుతోందో కనిపిస్తాది.

టైర్లు: సైడ్ మీద నాలుగంకెల కోడ్ చూడండి, 2319 అంటే 2019లో 23వ వారం. ఉబ్బు, పగుళ్ళు ఉన్నవి, రీట్రెడ్ చేసినవి డైనో మీదికి వద్దే వద్దు, ఎందుకంటే రన్ చేసేది ఎక్కువగా 4వ గేర్లో రెడ్‌లైన్ దాకా, బండి కదలకపోయినా టైరు తిరిగే స్పీడు హైవే లిమిట్ కన్నా చాలా ఎక్కువ. సందుల్లో ఇరుక్కున్న కంకర రాళ్ళు స్క్రూడ్రైవర్‌తో పీకెయ్యండి. వీల్ బేరింగ్ హోరు, సీవీ బూటు (యాక్సిల్ జాయింట్ రబ్బర్ తొడుగు) చినిగిందేమో, వీల్ బోల్టులు టార్క్ రెంచ్‌తో బిగించారా, ఇవన్నీ ర్యాంప్ మీద ఒకే దఫాలో అయిపోతాయి. చాలామంది మర్చిపోయేది టోయింగ్ హుక్కు, స్ట్రాపులు కట్టడానికి అది కావాలి, ఇంటికాడే ఒకసారి బంపర్లో బిగించి చూడండి, టింకరింగ్ పెయింటింగ్ అయిన బండ్లలో మరలో పెయింట్ నిండిపోయి హుక్కు ఎక్కదు.

బ్యాటరీ వీక్‌గా ఉంటే ఈసీయూలో కొత్త మ్యాప్ ఎక్కించేటప్పుడు ఓల్టేజ్ పడిపోయి ఈసీయూనే చచ్చిపోవచ్చు, పాతదైతే మార్చెయ్యండి. ఎగ్జాస్ట్‌లో ఆక్సిజన్ సెన్సర్ ముందర లీక్ ఉంటే బయటి గాలి లోపలికి పోయి రీడింగ్ లీన్ అని తప్పు చూపిస్తాది, మానిఫోల్డ్ జాయింట్ల కాడ నల్లటి మసి చారలు వెతకండి. డీజిల్ వాళ్ళు ఇంజెక్టర్ రిటర్న్ టెస్ట్ (ఒక్కో ఇంజెక్టర్ నుంచి ఎంత డీజిల్ వెనక్కి పోతోందో చూడడం) చేయించుకుని పోండి, ప్లగ్గుల బదులు మీకు అదే ఆధారం.

ఇప్పుడు నేను అన్నిటికన్నా గట్టిగా చెప్పదలుచుకున్నది. బెంగళూరు సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తు, తిరుపతి 160 దగ్గర. అక్కడ గాలి మనకన్నా 7 శాతం దాకా పల్చన, చల్లన కూడా. మన కాడ మే నెల మధ్యాహ్నం 42 డిగ్రీలు మామూలే, రేణిగుంట రోడ్డు ట్రాఫిక్‌లో పది నిమిషాలు నిలబడితే ఇంటర్‌కూలర్‌కి తగిలేది వేడి గాలే. అక్కడ చల్లని షెడ్డులో అంచుదాకా స్పార్క్ అడ్వాన్స్ చేసిన మ్యాప్ ఇక్కడికొచ్చి నాక్ కొడతాది, ఈసీయూ టైమింగ్ వెనక్కి లాగతాది, మీరు డబ్బులు పెట్టి కొన్న పవర్ మన ఊళ్ళో కనిపించనే కనిపించదు. పెట్రోల్ కూడా అంతే. ఇండియన్ ఆయిల్ 100 ఆక్టేన్ పెట్రోల్ 2020 డిసెంబర్లో వచ్చింది, సెలెక్టెడ్ బంకుల్లోనే, దాంతో ట్యూన్ చేయించుకుని వచ్చి ఇక్కడ మామూలు పెట్రోల్ పోస్తే ఆ మ్యాప్ ఈ పెట్రోల్‌ది కాదు కదా సామీ. మీరు రోజూ ఏ బంకులో ఏ పెట్రోల్ పోస్తారో అదే ముక్కాలు ట్యాంకు నింపుకుని పోండి, బయల్దేరే ముందు కాదు, రెండు ట్యాంకులు ముందునుంచే అదే వాడండి. ఈ20 (20 శాతం ఎథనాల్ కలిపిన పెట్రోల్) ఇప్పుడు మామూలైపోయింది, దానికి సరైన గాలి పెట్రోల్ నిష్పత్తి 14.7 కాదు, 13.5 దగ్గర, ఇది ట్యూనర్‌కి తెలిసే ఉంటాది గానీ మీ ట్యాంకులో ఏముందో ఆయనకి మీరే చెప్పాల.

అందుకని పోయే ముందు ఇక్కడి ఎండలో లాగ్ తీసుకోండి. ఖాళీగా ఉండే రోడ్డు, పక్కన ఇంకో మనిషి స్కానర్ పట్టుకుని, 3వ గేర్లో 2000 నుంచి ఫుల్ థ్రాటిల్, స్పీడు 100 దాటకముందే వదిలెయ్యండి, పై ఆర్‌పీఎం సంగతి డైనో చూసుకుంటాది. అడిగిన బూస్ట్ ఎంత, వచ్చింది ఎంత, ఇంటేక్ టెంపరేచర్, ఫ్యూయల్ రైల్ ప్రెషర్, ఒక్కో సిలిండర్‌కీ ఇగ్నిషన్ రిటార్డ్ (ఈసీయూ స్పార్క్‌ని ఎన్ని డిగ్రీలు వెనక్కి లాగిందో), ఇవి రికార్డ్ చెయ్యండి. రిటార్డ్ అప్పుడప్పుడు 2 - 3 డిగ్రీలు వస్తే ఫర్లేదు, స్టాక్ బండిలోనే అదేపనిగా 5 - 6 ఉంటే పెట్రోలో, కార్బనో, వేడో ఏదో ఒకటి ఉంది. డైరెక్ట్ ఇంజెక్షన్ ఇంజిన్లలో పెట్రోల్ ఇంటేక్ వాల్వుల మీద పడదు కాబట్టి అక్కడ కార్బన్ పేరుకుంటాది, ఎక్కువ తిరిగిన బండైతే క్లీన్ చేయించుకుని పోండి.

బండిలో మార్పుల గురించి చెప్పే మోటార్ వెహికల్ యాక్ట్ సెక్షన్ 52 సంగతి, వారంటీ, ఇన్సూరెన్స్ సంగతి కూడా పోకముందే చదువుకోండి, పోయినాక కాదు. క్యాటలిటిక్ కన్వర్టర్ పీకించే పని పెట్టుకోవద్దు.

ముందురోజు సాయంత్రమే చేరుకునేట్టు ప్లాన్ చేసుకోండి. మొగిలి ఘాట్ ఎక్కి, పలమనేరు, ముళబాగిలు, కోలారు మీదుగా పోయి నేరుగా రోలర్ల మీద ఎక్కిస్తే ఇంజిన్ బే అంతా వేడి నానిపోయి ఉంటాది, బేస్‌లైన్ (ట్యూన్‌కి ముందు కొలిచే) నంబర్ తక్కువ చూపిస్తాది, దాంతో పోల్చుకుని ట్యూన్ తర్వాత పెరిగింది చాలా ఎక్కువ అని మురిసిపోతారు. ఒక కాయితం మీద ప్లగ్గుల మోడల్, గ్యాప్, ఆయిల్ గ్రేడ్, కంప్రెషన్ రీడింగులు, పెట్రోల్ రకం, మార్చిన పార్టులు రాసి, తిరుపతి లాగ్‌లతో పాటు ట్యూనర్ చేతికివ్వండి, 42 డిగ్రీల ఎండలో నడిచే బండి అని నోటితో కూడా చెప్పండి. బేస్‌లైన్ రన్‌లో ఏదైనా తేడా కనిపిస్తే ఆ రోజు మ్యాప్ వద్దని చెప్పి వెనక్కి తెచ్చుకోండి. అంతా బాగుండి ట్యూన్ అయిపోతే, బయటికొచ్చే ముందు ఒరిజినల్ ఫైల్ కాపీ అడిగి తీసుకోండి, ఏ పెట్రోల్‌తో, ఎంత ఇంటేక్ టెంపరేచర్‌లో రన్ చేశారో డైనో షీట్ మీదే రాయించుకోండి.