తిమింగలాలను చూడటానికి పడవ ఎక్కే ముందు

వసంతంలో గ్రే తిమింగలాలు మెక్సికోలోని బాహా కాలిఫోర్నియా నుంచి ఆర్కిటిక్ వైపు, అమెరికా పశ్చిమ తీరం వెంబడి తిరిగి వెళ్తుంటాయి. చూడబోయేవాళ్లు ఇవి సరిచూసుకోండి.

• వాంతుల మాత్ర బయలుదేరడానికి గంట ముందే వేసుకోండి. కడుపులో తిప్పడం మొదలయ్యాక వేసుకుంటే దాదాపు దండగే. తిమింగలం ఎదురుగా లేచినా మీ తల సంచిలోనే ఉంటుంది. వేరే మందులు వాడుతుంటే డాక్టరును అడగాలి.

• తిరిగి ఇంటికి బయలుదేరే ముందురోజుకు పడవ టికెట్ కొనొద్దు. గాలి లేస్తే పడవలు రద్దవుతాయి, మీకు ఇంకో రోజు మిగలదు.

• ఎంత దూరంలో పడవ ఆపుతారో అడగండి. అక్కడ పాటించే దూరం 100 గజాలు, అంటే సుమారు 91 మీటర్లు. ఏప్రిల్, మే నెలల్లో తల్లులు పిల్లలతో వెళ్తాయి. వాటి మధ్యకు పడవ దూరకూడదు. ‘చేత్తో తాకేంత దగ్గరికి’ అని ఊరించేవాళ్ల జోలికి నేనైతే పోను.

• పడవ నడిమి భాగంలో, వెనక వైపుగా నిలబడండి. కుదుపు తక్కువ. ముందు భాగం కోసం తోసుకునేవాళ్లను తోసుకోనివ్వండి.

• బైనాక్యులర్లు 7 రెట్లవి చాలు. అంతకు మించితే ఊగే పడవలో బొమ్మ నిలవదు.

• ఫోటో కావాలంటే తిమింగలం ఊపిరులు లెక్కపెట్టండి. సాధారణంగా మూడు నుంచి ఐదుసార్లు తుంపర చిమ్మాక తోక పైకెత్తి లోతుకు మునుగుతుంది, మళ్లీ కొన్ని నిమిషాలకు గానీ తేలదు.

• ఒడ్డున ఎండ కాస్తున్నా గాలి చొరబడని కోటు తప్పనిసరి.